మ్యాప్‌సర్వర్‌ను సోర్సు నుంచి కట్టడం: సీమేక్ దగ్గరే ఆగిపోతోంది, దారి చెప్పండి

ఆమదాలవలస_అభ్యాసి

అందరికీ నమస్కారం. మాది ఆమదాలవలస పక్క పల్లె. శ్రీకాకుళంలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతుంటాను. మా చుట్టుపక్కల మండలాల చెరువులు, వాటి ఆయకట్టు, నాగావళి, వంశధార కాలువలు ఒకే పటంలో చేర్చి, ఎవరైనా బ్రౌజరులో తెరిచి చూసుకునేలా పెట్టాలని ఉంది. పేర్లు తెలుగులో కనబడాలి, అది మాత్రం తప్పనిసరి. పటాలు తయారుచేసే క్యూజీఐఎస్ ప్రోగ్రాములో పొరలన్నీ సిద్ధం చేసుకున్నాను. వాటిని వెబ్‌లో చూపించడానికి మ్యాప్‌సర్వర్ అనే సర్వర్ ప్రోగ్రామును ఎంచుకున్నాను.

నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 ఉంది. దాని ప్యాకేజీ భాండారంలో మ్యాప్‌సర్వర్ 7.6 వరుసే ఉంది. నాకు 8 కావాలి, పైగా సోర్సు నుంచి కట్టడం, అంటే మూల కోడ్‌ను నేనే కంపైల్ చేయడం, నేర్చుకోవాలని కూడా ఉంది. సోర్సు దించుకుని, కట్టడానికి కావలసినవన్నీ ఉన్నాయో లేదో చూసే సీమేక్ నడిపితే, పటాల ప్రొజెక్షన్లు మార్చే ప్రోజ్ దొరకలేదంటుంది. ప్రోజ్ ఇన్‌స్టాల్ చేసే ఉంది, టెర్మినల్లో పిలిస్తే పలుకుతోంది కూడా. ఎదురుగా ఉన్నదాన్ని లేదనడం ఏమిటో అర్థం కావడం లేదు.

గంటస్తంభం_సెంటరు (విజయనగరం)

కొత్తగా సోర్సు కట్టే ప్రతివారూ ఆగే చోటే ఇది. మీ దగ్గర ఉన్నది నడిచే ప్రోజ్. సీమేక్‌కు కావలసింది ఆ ప్రోజ్‌తో మరో ప్రోగ్రామును కలిపి కట్టడానికి పనికొచ్చే హెడర్ ఫైళ్లు. డెబియన్, ఉబుంటు కుటుంబంలో వీటిని వేరే ప్యాకేజీలుగా ఇస్తారు. పేరు చివర 'డెవ్' అని ఉంటుంది. 'లిబ్‌ప్రోజ్-డెవ్' వేయండి, ఈ గొడవ పోతుంది. కానీ వెంటనే పటాల ఫైళ్లు చదివే జీడాల్ దగ్గర ఆగుతుంది, తర్వాత ఫ్రీటైప్ దగ్గర, ఆ తర్వాత ఇంకొకటి. అందుకని అన్నీ ఒకేసారి వేసుకోండి: ప్రోజ్, జీడాల్, జియోస్, ఫ్రీటైప్, పీఎన్‌జీ, జేపెగ్, లిబ్‌ఎక్స్‌ఎంఎల్2, కైరో, హార్ఫ్‌బజ్, ఫ్రైబిడి, ఫాస్ట్‌సీజీఐ, ప్రోటోబఫ్-సి, గిఫ్. అన్నింటికీ డెవ్ రూపమే. పోస్ట్‌జీఐఎస్ డేటాబేసు వాడే ఉద్దేశం ఉంటే పోస్ట్‌గ్రెస్ క్లయింటు డెవ్ కూడా.

జీడాల్‌ను మాత్రం సోర్సు నుంచి కట్టబోకండి. దానిదొక పెద్ద ప్రపంచం. భాండారంలో ఉన్నది మీ పనికి సరిపోతుంది.

ఇంకో మాట. సీమేక్ ఒకసారి 'లేదు' అని రాసుకున్నదాన్ని తన కాష్ ఫైలులో దాచుకుంటుంది. ప్యాకేజీ వేసిన తర్వాత కూడా పాత మాటే చెప్పవచ్చు. సోర్సు లోపల 'బిల్డ్' అని వేరే ఫోల్డరు పెట్టుకుని అక్కడి నుంచే సీమేక్ నడపండి. అనుమానం వస్తే ఆ ఫోల్డరు మొత్తం తుడిచేసి మళ్లీ మొదలుపెట్టండి, సోర్సుకు ఏమీ కాదు.

కాఫీకప్పు (బొబ్బిలి)

ఇంత శ్రమ దేనికి? జియోసర్వర్ పెట్టుకోండి. జావాతో నడుస్తుంది, కంపైల్ చేసే అవసరమే లేదు. జిప్ దించి విప్పి నడిపితే బ్రౌజరులోనే నిర్వహణ పేజీ వస్తుంది. పొరలు చేర్చడం, రంగులు మార్చడం అంతా ఆ పేజీ నుంచే. కొత్తవారికి సీ భాషలో రాసిన సర్వర్ను కట్టమని చెప్పడం నాకు నచ్చదు.

గంటస్తంభం_సెంటరు

జియోసర్వర్ మంచిదే, కాదనను. కానీ అది ఎప్పుడూ మెలకువగా కూర్చుని మెమరీ తింటూ ఉంటుంది. చవక అద్దె సర్వర్లో ఒక జీబీ మెమరీతో దాన్ని నడిపి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం. మ్యాప్‌సర్వర్ సీజీఐ ప్రోగ్రాము, అంటే వెబ్ సర్వర్ పిలిచినప్పుడే వచ్చి పని ముగించుకుని వెళ్లిపోయే దినకూలీ లాంటిది. పటం సెట్టింగులన్నీ మ్యాప్‌ఫైలు అనే ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో ఉంటాయి. ఆ ఫైలును, డేటాను కాపీ చేసుకుంటే పటం మొత్తం కాపీ అయినట్టే.

మీ చెరువుల పటానికి మ్యాప్‌సర్వర్ వంశపారంపర్యంగా కూడా తగినదే. 1990ల మధ్యలో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో, నాసాతో, ఆ రాష్ట్ర సహజ వనరుల శాఖతో కలిసి చేసిన అటవీ ప్రాజెక్టులో పుట్టింది. ఆ రాష్ట్రానికి 'పదివేల సరస్సుల నేల' అని పేరు.

రాజాం_టీచరు

నాదొక మొరటు ప్రశ్న. అసలు సర్వర్ ఎందుకు? కొన్ని వందల చెరువులే అయితే పటం డేటా ఉన్న ఒక జియోజేసన్ ఫైలు, లీఫ్‌లెట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో రాసిన ఒక పేజీ చాలు. మా బడి పిల్లల చేత ఊరి బావుల పటం అలాగే చేయించాను. సీజీఐ లేదు, కంపైలర్ లేదు, ఉచిత హోస్టింగులో హాయిగా నడుస్తోంది. పేర్లు బ్రౌజరే గీస్తుంది కాబట్టి తెలుగు అక్షరాలు విరగడమన్న బెంగ కూడా లేదు.

ఆమదాలవలస_అభ్యాసి

మేడమ్, చెరువుల వరకూ మీరన్నది నిజం. కానీ గ్రామాల హద్దులు, కాలువలు, ఆయకట్టు కలిపితే ఫైలు చాలా బరువవుతోంది. మా ఊళ్లో ఫోను సిగ్నలు మీద అది తెరుచుకోదు. పైగా నీటి సంఘం వారి కోసం పనిచేసే ఇంజనీరొకరు, నా పొరను తన క్యూజీఐఎస్‌లోకి నేరుగా తెచ్చుకోవాలని అడిగారు. అంటే అడిగినంత మేర పటాన్ని నెట్ మీద బొమ్మగా అందించే డబ్ల్యూఎంఎస్ సేవ కావాలి.

గంటస్తంభం మాస్టారూ, డెవ్ ప్యాకేజీలన్నీ వేశాక సీమేక్ గట్టెక్కింది. కంపైల్ చేసే మేక్ కూడా పూర్తయింది, ఇన్‌స్టాల్ అయింది. ఇప్పుడు మ్యాప్‌సర్వర్ ప్రోగ్రామును 'మ్యాప్‌సర్వ్' అని పిలిస్తే, లిబ్‌మ్యాప్‌సర్వర్ అనే షేర్డ్ లైబ్రరీ తెరవలేకపోతున్నానంటోంది.

గంటస్తంభం_సెంటరు

లైబ్రరీ 'యూజర్ లోకల్ లిబ్'లోకి వెళ్లింది. వ్యవస్థకు ఆ కబురు ఇంకా చేరలేదు. సుడోతో 'ఎల్‌డీకాన్ఫిగ్' ఒకసారి నడపండి.

తర్వాత మ్యాప్‌సర్వ్‌కు 'హైఫన్ వీ' ఇచ్చి వెర్షను అడగండి. వెర్షనుతో పాటు ఏమేమి కలిపి కట్టారో పెద్ద జాబితా వస్తుంది. అందులో ప్రోజ్, జీడాల్, డబ్ల్యూఎంఎస్ సర్వర్, ఫ్రైబిడి అనే నాలుగు పేర్లు కనబడాలి. ఫ్రైబిడి లేకపోతే అక్కడే ఆగి సీమేక్‌కు వెనక్కి వెళ్లండి. ఎందుకో తెలుగు పేర్ల దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

ఏ పరామితులూ లేకుండా మ్యాప్‌సర్వ్‌ను పిలిస్తే, విప్పడానికి ప్రశ్న సమాచారమేమీ లేదంటూ ఒక సందేశం రావచ్చు. అది చూసి గాబరా పడకండి, ప్రోగ్రాము బతికే ఉందని దాని అర్థం.

కోట_జంక్షన్ (విజయనగరం)

మధ్యలో వచ్చినందుకు క్షమించండి. విండోస్‌లో ఇదంతా చేయాలా?

గంటస్తంభం_సెంటరు

అక్కరలేదు. ఎంఎస్4డబ్ల్యూ అనే సిద్ధం చేసిన మూట ఉంది. అపాచీ వెబ్ సర్వర్‌తో సహా అన్నీ అందులోనే వస్తాయి. ప్రయోగాలకు బాగుంటుంది.

ఆమదాలవలస_అభ్యాసి

జాబితాలో ఫ్రైబిడి ఉంది మాస్టారూ. అపాచీ వేశాను, మ్యాప్‌సర్వ్‌ను సీజీఐ-బిన్ ఫోల్డరులో పెట్టాను. బ్రౌజరులో పిలిస్తే మొదట ఫైలు దింపుకుంటావా అని అడిగింది. సీజీఐ మాడ్యూల్ను 'ఏ2ఎన్‌మాడ్'తో తెరిచాక ఆ గోల తగ్గింది. ఇప్పుడు కాన్ఫిగ్ ఫైలు తెరవలేకపోతున్నానంటోంది. ఆన్‌లైన్‌లో ఉన్న పాత పాఠాల్లో ఇలాంటి ఫైలు ప్రస్తావనే లేదు.

గంటస్తంభం_సెంటరు

పాత పాఠాలు 7 నాటివి. 2022లో వచ్చిన 8.0 నుంచి 'మ్యాప్‌సర్వర్ డాట్ కాన్ఫ్' అనే ఫైలు తప్పనిసరి. ఇన్‌స్టాల్ చేసినప్పుడు నమూనా ఒకటి 'యూజర్ లోకల్ ఈటీసీ'లో పడుతుంది. పేరులోని 'శాంపిల్' తీసేసి కాపీ చేసుకోండి. వేరే చోట పెట్టాలనుకుంటే ఆ దారిని 'మ్యాప్‌సర్వర్ కాన్ఫిగ్ ఫైల్' అనే ఎన్విరాన్‌మెంట్ చలరాశిలో అపాచీకి చెప్పాలి.

ఆ ఫైలులో మీరు పూరించవలసింది ముఖ్యంగా ఒకటే. ఏ ఫోల్డరులోని మ్యాప్‌ఫైళ్లను తెరవవచ్చో చెప్పే 'మ్యాప్ ప్యాటర్న్' పంక్తి. అది లేకపోతే వెబ్ చిరునామాలో ఎవరు ఏ ఫైలు దారి రాసినా సర్వర్ దాన్ని తడిమి చూస్తుంది కదా, అందుకే ఈ కాపలా. కింద 'మ్యాప్స్' విభాగంలో మీ ఫైలుకు 'చెరువులు' అని చిన్న పేరు పెట్టుకోండి. అప్పుడు చిరునామాలో పొడవాటి దారి రాయనక్కరలేదు.

మ్యాప్‌ఫైలును మీ హోమ్ ఫోల్డరులో పెట్టకండి. ఉబుంటు 21.04 నుంచి హోమ్ ఫోల్డర్లు బయటివారికి మూసి ఉంటాయి, అపాచీ నడిచే 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా' వాడుకరి అందులోకి తొంగి చూడలేడు. 'ఎస్ఆర్‌వీ' కింద ఒక ఫోల్డరు చేసి, డేటాతో సహా అక్కడికి మార్చండి.

అన్నిటికన్నా ముందు, అపాచీని పక్కన పెట్టి 'మ్యాప్2ఇమేజ్' అనే పనిముట్టుతో మ్యాప్‌ఫైలును నేరుగా ఒక పీఎన్‌జీగా గీయించి చూడండి. దానికి 7 దాకా 'ఎస్‌హెచ్‌పీ2ఇమేజ్' అని పేరు. బొమ్మ అక్కడ వచ్చి బ్రౌజరులో రాకపోతే లోపం అపాచీ వైపు ఉంది. అక్కడే రాకపోతే మ్యాప్‌ఫైలులో ఉంది. ఈ ఒక్క అలవాటు మీకు ఎన్నో రాత్రుల నిద్ర మిగులుస్తుంది.

ఆమదాలవలస_అభ్యాసి

మ్యాప్2ఇమేజ్‌తో బొమ్మ వచ్చింది! నాగావళి వంపులతో సహా! మా ఇంట్లో వాళ్లందరికీ చూపించాను.

డబ్ల్యూఎంఎస్‌గా అడిగితే మాత్రం అభ్యర్థనకు అనుమతి లేదంది. మ్యాప్‌ఫైలు వెబ్ విభాగపు మెటాడేటాలో 'ఓడబ్ల్యూఎస్ ఎనేబుల్ రిక్వెస్ట్' అని రాసి నక్షత్రం గుర్తు ఇస్తే ఒప్పుకుంది. ఇప్పుడు చిరునామా చేత్తో రాసి బొమ్మ అడిగితే ఒట్టి తెల్ల కాగితం వస్తోంది. దోషమేమీ చూపడం లేదు. హద్దులు సరిగానే ఇచ్చాను: 83.7, 18.2 నుంచి 84.1, 18.6 వరకు. వెర్షను 1.3.0, ప్రొజెక్షను ఈపీఎస్‌జీ 4326 (అక్షాంశ, రేఖాంశ డిగ్రీలు).

గొలుసు_సర్వేయరు (టెక్కలి)

బాబూ, నువ్వు ప్రస్తుతం ఉత్తర ధ్రువ సముద్రంలో చెరువులు వెతుకుతున్నావు. డబ్ల్యూఎంఎస్ 1.3.0లో 4326 వాడితే ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం ఇవ్వాలి. నువ్వు 83.7 ముందు పెట్టావు. సర్వర్ దాన్ని ఉత్తర అక్షాంశమనుకుంది. 84 ఉత్తరం, 18 తూర్పు అంటే నార్వే వారి స్వాల్‌బార్డ్ దీవులకు ఇంకా పైన. అక్కడ ఉన్నది సముద్రం, దాని మీద మంచు. తెల్ల కాగితం రావడంలో ఒక రకంగా న్యాయం ఉంది.

18.2, 83.7, 18.6, 84.1 అని మార్చు. లేదా 1.1.1 వెర్షను వాడు, అందులో రేఖాంశమే ముందు. మ్యాప్‌ఫైలు లోపలి ఎక్స్‌టెంట్ పంక్తిని మాత్రం కదపకు, అక్కడ ఎప్పుడూ రేఖాంశమే ముందు ఉంటుంది.

నలభై ఏళ్లు గొలుసు, థియోడలైట్ పట్టుకుని తిరిగినవాణ్ణి కాబట్టి ఇంకో సంగతి కూడా చెబుతాను. చెరువుల విస్తీర్ణం లెక్క కడతావు కదా, డిగ్రీలలో కట్టకు. మీటర్లలో కొలిచే యూటీఎం ప్రొజెక్షనులోకి మార్చాలి. మన జిల్లాకు ఇక్కడొక తిరకాసు ఉంది. యూటీఎం 44వ మండలం (జోన్) 84 డిగ్రీల తూర్పు రేఖాంశంతో ముగుస్తుంది. ఆ గీత శ్రీకాకుళానికీ నరసన్నపేటకూ మధ్య నుంచి పోతుంది. నీ ఆమదాలవలస 44లో, మా టెక్కలి 45లో. పలాస, సోంపేట, ఇచ్ఛాపురం కూడా 45లోనే. విజయనగరం వారికి ఈ బాధ లేదు.

ఆమదాలవలస_అభ్యాసి

అయితే జిల్లా మొత్తానికి చేయాలంటే రెండు ముక్కలు చేయాలా తాతగారూ?

గొలుసు_సర్వేయరు

అక్కరలేదు. మొత్తం 44లోనే, అంటే ఈపీఎస్‌జీ 32644లోనే ఉంచు. గీత దాటినంత మాత్రాన లెక్క కుప్పకూలదు, కొంచెం సాగుతుంది, అంతే. 44 నడిమి గీత 81 డిగ్రీల దగ్గర ఉంది. ఇచ్ఛాపురం దాని నుంచి 3.7 డిగ్రీల దూరం. అక్కడ పొడవు వెయ్యికి ఒకటిన్నర పాళ్లు ఎక్కువ వస్తుంది, విస్తీర్ణం వెయ్యికి సుమారు మూడు పాళ్లు. నూరెకరాల చెరువుకు ముప్పై సెంట్లు ఎక్కువ చూపుతుందన్నమాట. గట్టు ఎక్కడ మొదలవుతుందో ఇద్దరు మనుషులు కొలిస్తే వచ్చే తేడా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. పటానికి ఫరవాలేదు. కోర్టు కాగితానికైతే పనికిరాదు.

హద్దుల పొర ఏ సంవత్సరానిదో కూడా చూసుకో. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి విజయనగరంలోకి వెళ్లాయి. పాలకొండ, సీతంపేట వైపు పార్వతీపురం మన్యంలో కలిసింది. అంతకు ముందు చేసిన ఫైలైతే ఇవన్నీ శ్రీకాకుళంలోనే ఉంటాయి. ఆమదాలవలస మండలం ఒకటి, రేగిడి ఆమదాలవలస మరొకటి. పేరు చూసి కలిపేసినవాళ్లను చూశాను.

రాజాం_టీచరు

మమ్మల్ని గుర్తుచేసినందుకు కృతజ్ఞతలు. మడ్డువలస జలాశయాన్ని ఇప్పటికీ శ్రీకాకుళం జిల్లా అని రాసే పటాలు కోకొల్లలు.

ఆమదాలవలస_అభ్యాసి

అంకెలు తిరగేస్తే చెరువులన్నీ వచ్చాయి! ఇప్పుడు అసలు పని, పేర్లు. 'శ్రీకాకుళం' అని రావలసిన చోట శ, దాని పక్కన విడిగా ర, గుడి ఎక్కడో, చుక్కల వలయాలు. కొన్ని పేర్ల బదులు ఒట్టి పెట్టెలు. ఇంకొన్ని చోట్ల ఏ భాషో తెలియని యూరపు అక్షరాలు. సీమేక్ మళ్లీ నడపాలా?

గంటస్తంభం_సెంటరు

మీరు చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులు. ఒకే మందు వేస్తే తగ్గవు.

యూరపు అక్షరాలు వస్తున్న చోట డేటా ఎన్‌కోడింగ్ చెడింది. పటం పొరను దాచే షేప్‌ఫైలు వెంట, పేర్ల పట్టికగా ఉండే డీబీఎఫ్ చాలా పాతకాలపు ఫైలు. అందులో ఏ ఎన్‌కోడింగ్ ఉందో పక్కన 'సీపీజీ' అనే చిన్న ఫైలు చెబుతుంది. కాపీ చేసేటప్పుడు చాలామంది దాన్ని వదిలేస్తారు. డీబీఎఫ్‌లో నిలువు వరుస పేరు 10 బైట్లకు మించకూడదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షర సంకేతం 3 బైట్లు, 'శ్రీకాకుళం' అనే పేరే 30 బైట్లు. నా సలహా, షేప్‌ఫైలును వదిలి అన్నీ జియోప్యాకేజీలోకి మార్చండి. ఒకే ఫైలు, యూటీఎఫ్-8, ఈ బైట్ల లెక్కలుండవు. క్యూజీఐఎస్‌లో కుడి క్లిక్కుతో అయిపోతుంది. షేప్‌ఫైలే కావాలంటే మ్యాప్‌ఫైలు పొరలో ఎన్‌కోడింగ్ పంక్తి రాసి యూటీఎఫ్-8 అనండి.

పెట్టెలు వస్తున్న చోట ఆ ఖతిలో (ఫాంట్‌లో) తెలుగు లేదు. మ్యాప్‌సర్వర్ మీ కంప్యూటరులోని ఖతులను తనంతట తాను వెతకదు. ఫాంట్‌సెట్ అని ఒక జాబితా ఫైలు రాసి, ఏ పేరుకు ఏ ఫైలో చెప్పాలి. నోటో సాన్స్ తెలుగు, లోహిత్ తెలుగు, మండలి, ఏదైనా పెట్టుకోండి. కొన్ని తెలుగు ఖతుల్లో ఇంగ్లిషు అక్షరాలుండవు. అందుకని లేబుల్లో ఫాంట్ దగ్గర కామాతో రెండు పేర్లు ఇవ్వండి, మొదటిదానిలో లేని అక్షరాన్ని రెండోదాని నుంచి తెచ్చుకుంటుంది.

ఇక శ, ర విడిపోవడం. తెలుగు వరుసగా అక్షరాలు పేర్చుకుంటూ పోయే లిపి కాదు. శ, పొల్లు, ర, గుడి దీర్ఘం అనే నాలుగు సంకేతాలు కలిసి ఒక్క 'శ్రీ' అవ్వాలి. ఆ కలిపే పని హార్ఫ్‌బజ్‌ది. మ్యాప్‌సర్వర్‌లోకి అది 7.0తో వచ్చింది. ఫ్రైబిడి, హార్ఫ్‌బజ్ రెండూ ఉంటేనే ఆ భాగం కట్టబడుతుంది. అందుకే ఫ్రైబిడి చూడమన్నాను. మీ జాబితాలో అది ఉందన్నారు కాబట్టి కొత్తది సరిగానే కట్టారు. అయినా అక్షరాలు విరుగుతున్నాయంటే నా అనుమానం వేరు. మీ దగ్గర ఇంకో మ్యాప్‌సర్వ్ ఎక్కడైనా ఉందా? అపాచీ పిలుస్తున్నది ఏది?

ఆమదాలవలస_అభ్యాసి

సీజీఐ-బిన్‌లో ఉన్నది కొత్తదే మాస్టారూ. కానీ ఏ లైబ్రరీలు వాడుతోందో చూపే ఎల్‌డీడీతో చూస్తే అది తగులుకుంటున్న హార్ఫ్‌బజ్ లైబ్రరీ మాత్రం 'ఆప్ట్' ఫోల్డరులో ఉన్న వేరే మూటలోది. ఈ ల్యాప్‌టాప్ నాకన్నా ముందు వాడినవారు ఏదో పాత జీఐఎస్ మూట వేసి ఉన్నారు, దాని దారి ఎల్‌డీకాన్ఫిగ్ జాబితాలో ముందుంది. దాన్ని తీసేసి ఎల్‌డీకాన్ఫిగ్ మళ్లీ నడిపాను. 'శ్రీకాకుళం' ముద్రించినట్టు వచ్చింది. 'కళింగపట్నం', 'శ్రీకూర్మం', 'నరసన్నపేట', అన్నీ వచ్చాయి. ఒత్తులు ఎక్కడివక్కడ కూర్చున్నాయి.

కాఫీకప్పు

సరే, ఒప్పుకుంటున్నాను, ఇది చూడముచ్చటగా ఉంది. చెరువులకు తెలుగు పేర్లు ఎక్కడివి? అందరూ కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి సిద్ధంగా దొరికే షేప్‌ఫైళ్లలో నాకెప్పుడూ ఇంగ్లిషు పేర్లే కనబడ్డాయి.

ఆమదాలవలస_అభ్యాసి

ఆ షేప్‌ఫైళ్లలో 'నేమ్' వరుస ఒక్కటే ఉంటుంది. తెలుగు పేరు 'నేమ్ కోలన్ టీఈ' అనే వేరే ట్యాగులో ఉంటుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ముడి డేటా ఉన్న పీబీఎఫ్ ఫైలు దించుకుని, జీడాల్‌తో వచ్చే 'ఓఎస్ఎంకాన్ఫ్' ఫైలులోని లక్షణాల జాబితాలో ఆ ట్యాగు చేర్చి, ఫైలు రూపం మార్చే ఓజీఆర్2ఓజీఆర్‌తో జియోప్యాకేజీ చేశాను. వరుస పేరులో కోలన్ కాస్తా కింది గీతగా మారుతుంది, అది గుర్తుంచుకోవాలి. అయినా పల్లెల చెరువులకు చాలావాటికి అసలు పేరే లేదు. అవి ఊరివాళ్లను అడిగి నేనే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేరుస్తున్నాను.

గొలుసు_సర్వేయరు

అడిగేటప్పుడు ఒక్కరినే అడగకు. ఒకే చెరువును పై వీధివారు ఒక పేరుతో, కింది వీధివారు ఇంకో పేరుతో పిలుస్తారు. రికార్డులో మూడోది ఉంటుంది. దొరికినవన్నీ రాసి పెట్టు, వాడుక పేరును ముందుంచు. ఆ డేటా వాడుతున్నందుకు పటం మూలన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సహాయకుల పేరు వేయాలి, అది వారి లైసెన్సు షరతు.

ఆమదాలవలస_అభ్యాసి

వేశాను తాతగారూ. ఒక్క చిక్కు మిగిలింది. ఆయకట్టు పొర చేర్చగానే చెరువులు మాయమవుతున్నాయి. దాన్ని ఆపితే మళ్లీ కనబడుతున్నాయి.

గంటస్తంభం_సెంటరు

మ్యాప్‌ఫైలులో ముందు రాసిన పొర అడుగున పడుతుంది, తర్వాత రాసినది దాని మీద. మీరు ఆయకట్టును చెరువుల తర్వాత రాసి ఉంటారు. దాన్ని పైకి తీసుకెళ్లండి: గ్రామాలు, ఆయకట్టు, చెరువులు, కాలువలు, ఆ వరుసలో. పేర్ల బెంగ అక్కరలేదు, అన్ని పొరలూ గీశాకే వాటిని వేస్తుంది.

ఆమదాలవలస_అభ్యాసి

సరిపోయింది మాస్టారూ. ఇంజనీరు గారి క్యూజీఐఎస్‌లో కూడా తెరుచుకుంది. గొట్టా బ్యారేజీ కింది కాలువలు కూడా చేర్చమంటున్నారు.